మలుపులో పగిలిన గుమ్మడికాయ

శశికళక్క ఎవరింటికి భోజనానికి వెళ్ళినా తన చెంచా తనే తీసుకెళ్తుంది. స్టీల్ చెంచా. పేపర్ న్యాప్‌కిన్‌లో చుట్టి హ్యాండ్‌బ్యాగ్ పక్క అరలో పెట్టుకుంటుంది. తిన్నాక కడిగి, తుడిచి, మళ్ళీ అదే అరలోకి. "వాళ్ళకి ఒక చెంచా తోమే పని తప్పుతుంది కదా" అంటుంది. డిష్‌వాషర్ తోముతుంది కదక్కా అంటే, "దానికి మాత్రం పని కాదా" అంటుంది. ఫోన్ చెయ్యాలంటే ముందు మెసేజ్ పెట్టి, ఫోన్ చెయ్యొచ్చా అని అడుగుతుంది. మా ఇంటికి వస్తే వీధిలో తన కార్ ఎంత ముందుకి జరిపి పెడుతుందంటే, అది చూసి ఎవరింటికొచ్చిందో చెప్పలేం.

ఒకరికి భారం కాకూడదు అన్నదే ఆమె మతం. మిగతా దేవుళ్ళంతా ఆ తర్వాతే. అలాంటి మనిషి ఏడేళ్ళపాటు పక్కింటి గోడకి చెవి ఆనించి ఎందుకు బతికిందో, యాభై తొమ్మిదో ఏట హాంకాంగ్ వాళ్ళ కాంటనీస్ భాష ఎందుకు నేర్చుకుందో చెప్తాను. అందులో నా సంగతి కూడా కొంచెం ఉంది. దాన్ని దాటేసి చెబుదామని చూశాను, కుదరలేదు.

అమెరికాలో హెర్న్‌డన్ అనే ఊళ్ళో మావి టౌన్‌హోమ్స్. ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఒకటే. ఇరవై ఏళ్ళు అపార్ట్‌మెంట్లు మారి మారి, గౌరీశంకర్ బావగారూ శశికళక్కా చివరికి మా వీధిలో ఇల్లు కొన్నారు. ఆవిడ డెంటల్ ఇన్సూరెన్స్ ఆఫీస్‌లో క్లెయిములు చూస్తుంది. ఆయన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఆ ఇల్లు కొన్నేళ్ళుగా ఖాళీగా ఉందని ఏజెంట్ చెప్పాడు. ఎందుకు ఖాళీగా ఉందని వీళ్ళు అడగలేదు. అడిగితే ఆయన ఫైళ్ళు వెతుక్కోవాలి, పాపం, అనుకుని ఉంటుంది అక్క.

గృహప్రవేశం మే నెలలో. ముహూర్తం తెల్లవారి అయిదూ యాభైకి. పాలు పొంగాయి, హోమం పొగకి అలారం మోగకుండా దానికి ముందే షవర్ క్యాప్ తొడిగాం, అంతా సవ్యంగా జరిగింది. చివర్లో దిష్టి. బూడిద గుమ్మడికాయకి తొడిమ దగ్గర చిన్న గంటు పెట్టి, అందులో కుంకుమ నీళ్ళు పోసి, పైన కర్పూరం వెలిగించి గుమ్మం ముందు తిప్పారు. పంతులుగారు బావగారితో, "మూడు దారులు కలిసేచోట కొట్టండి. కొట్టి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చెయ్యండి. కాళ్ళు కడుక్కుని లోపలికి రండి" అన్నారు.

మా వీధిలో మూడు దారులు కలిసేది స్కూల్ బస్ ఆగే మలుపు దగ్గర. బావగారు వెళ్ళి కొట్టి, తల తిప్పకుండా, మెడ పట్టేసినవాడిలా నడుచుకుంటూ వచ్చారు.

మన దగ్గరైతే పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి ఊడుస్తారు. ఇక్కడ ఎవరూ రారు. అది అందరికీ తెలుసు. అందుకే అక్క ముందురోజే అంది: "సుధా, ఆ ముక్కలు అక్కడ వదిలెయ్యకూడదు. ఎవరైనా తొక్కితే మన దిష్టి వాళ్ళకి పోతుంది. పిల్లలు ఎక్కే చోటు." నేను, "మీరు ఇల్లు చూసుకోండక్కా, అది నేను ఎత్తేస్తాను" అన్నాను. నల్ల చెత్తసంచి ఒకటి మణికట్టుకి తగిలించుకున్నాను కూడా. తర్వాత ఎవరో ఫిల్టర్ కాఫీ అడిగారు. ఇంకెవరో ఇడ్లీలు చల్లారిపోతున్నాయన్నారు. అంబులెన్స్ మోత వినపడినప్పుడు నేను వంటింట్లో చట్నీ కలుపుతున్నాను. సంచి ఇంకా మణికట్టుకే ఉంది.

పడింది పక్కింటి మిసెస్ చాన్. అప్పటికి డెబ్భై నాలుగేళ్ళు, భర్త పోయాక ఒంటరిగా ఉంటోంది. హాంకాంగ్ నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళయినా ఇంగ్లీష్‌లో ఆవిడకి వచ్చిన మాటలు మూడు: గుడ్ మార్నింగ్, టూ కోల్డ్, నో ప్రాబ్లమ్. వీధిలో పిల్లలంతా ఆవిణ్ణి పోపో అంటారు. వాళ్ళ భాషలో అమ్మమ్మ అని. ఆ పోపో మలుపు దగ్గర ఎర్రటి గుజ్జులో ఒక పక్కకి ఒరిగి పడి ఉంది. కుంకుమ నీళ్ళు చూసి రక్తమనుకుని అంబులెన్స్ వాళ్ళు ఆవిడ తల అంతా తడిమారు. తలకేమీ కాలేదు. తుంటి ఎముక విరిగింది.

కిటికీ దగ్గర ఇరవైమందిమి పట్టుచీరల్లో నిలబడి చూశాం. ఎవరం కిందికి దిగలేదు. ఎవరో, "అయ్యో, పాపం, మంచు మీద జారిందా" అన్నారు. మే నెలలో.

మూడో రోజు హెచ్‌ఓఏ నుంచి టెడ్ వచ్చాడు. హెచ్‌ఓఏ అంటే కాలనీ సంఘం. గడ్డి ఎంత ఎత్తు పెరగాలో, తలుపుకి ఏ రంగు వెయ్యాలో చెప్పేది వాళ్ళే. టెడ్ మర్యాదస్తుడు. కొత్తగా వచ్చినవాళ్ళని పలకరించి, చేతిలో కాగితాల అట్ట చూసుకుంటూ అన్నాడట: "ఆ పగిలిన కాయ మిసెస్ చాన్‌దే అయ్యుంటుంది కదా. ఇలాంటి వింత కాయలు ఇక్కడ ఆవిడే వండుతుంది."

శశికళక్క గుమ్మానికి అప్పుడు మామిడాకులు ఇంకా పచ్చగా ఉన్నాయి. ఆవిడ వాటి కింద నిలబడి, "మే బీ" అంది.

అంతే. రెండే ముక్కలు. ఆ పోపోకి ఇంటి ముందు మెట్ల పక్కన చిక్కుళ్ళ పందిరి ఉండేది. హెచ్‌ఓఏ నుంచి ఉత్తరం వెళ్ళింది: కూరగాయలూ వాటి చెత్తా దారిలో పడి ప్రమాదమవుతున్నాయి, ముందువైపు పందిరి తీసెయ్యాలి. కూతురు గ్రేస్ శనివారం వచ్చి ఆ కర్రలన్నీ పీకేసింది. అప్పటికి పోపో ఇంకా ఆస్పత్రిలోనే ఉంది.

ఆరువారాల తర్వాత నాలుగు కాళ్ళ వాకర్‌తో ఇంటికొచ్చింది. అప్పుడు మొదలైంది గోడ.

టక్. ఈడ్పు. టక్. ఈడ్పు. పొద్దున ఏడింటికి మొదలయ్యేది. అక్క టీ పెట్టుకుంటుంటే గోడ అవతల వంటింట్లోకి నడిచేది. ఆఫీస్‌కి తయారవుతుంటే మెట్ల దాకా వచ్చి ఆగిపోయేది. "అక్కడే ఎందుకాగుతుంది సుధా? నా మాట వినడానికా?" అంది ఒకసారి నాతో. క్రిస్మస్‌కి పోపో కూతురితో కాలిఫోర్నియా వెళ్ళింది. ఇంటికి తాళం. ఆ మూడువారాలూ చప్పుడు ఆగలేదట. బావగారు, "హీటర్ గొట్టాలు సాగుతున్నాయి శశీ. వెచ్చబడితే ఇనుము చప్పుడు చేస్తుంది" అన్నారు. ఆవిడ సరే అంది. ఆ మర్నాటి నుంచి టీ పెట్టుకోవడం ఆరున్నరకి మార్చుకుంది.

ఇంకొకటి. మరుసటి ఏడు జులైలో మలుపు దగ్గర వాననీటి కాలువ పక్కన ఒక మొలక వచ్చింది. గరుకాకు, నూగు. గడ్డి కోసేవాళ్ళు మెషీన్‌తో కోసేశారు. పది రోజుల్లో మళ్ళీ వచ్చింది. మళ్ళీ కోశారు. మళ్ళీ వచ్చింది. శశికళక్క ఆఫీస్‌కి వెళ్తూ ఆ మలుపులో కార్ నెమ్మది చేసి, దాన్ని చూసి, చూపు తిప్పేసుకునేది. ఒక పొద్దున అది లేదు. కొయ్యలేదు. చుట్టూ మట్టితో సహా గుండ్రంగా తవ్వి ఎవరో తీసుకెళ్ళారు.

ఆ అక్టోబర్‌లో శశికళక్క గుమ్మం ముందు, కాళ్ళు తుడుచుకునే పట్టా మీద, ఒక బూడిద గుమ్మడికాయ ఉంది. ఒళ్ళంతా తెల్లటి పొడి. చీటీ లేదు. పక్కింటి పెరట్లో తీగ వాళ్ళ రెండిళ్ళ మధ్య కంచె మీదకి ఎక్కి ఉంది.

ఆ సాయంత్రం అక్క దాన్ని చంటిపిల్లలా రెండు చేతుల్తో ఎత్తుకుని మా ఇంటికొచ్చింది.

"ఎవరిచ్చారక్కా?"

"దొరికింది. నువ్వు వడియాలు పెడతావని."

"మీరు పెట్టుకోరా?"

"మా ఇంట్లో ఎవరూ తినరులే."

మా ఆయన చేత మొదటి గాటు పెట్టించి, నేను వడియాలు పెట్టాను. బావుంటాయి ఆ వడియాలు, నేనే చెప్పకూడదు గానీ. ఏటా అక్టోబర్‌లో కాయ వచ్చేది, ఏటా పెట్టేదాన్ని. పప్పుచారులోకి వేయించుకుని తినేవాళ్ళం. ఒకసారి అక్కకి కూడా ఒక డబ్బా ఇచ్చాను. ఆవిడ ఆ డబ్బా వంక చూసిన చూపుకి అర్థం నాకు తర్వాత అయిదేళ్ళకి గాని తెలియలేదు.

అటుకిందటేడు శీతాకాలం మొదట్లో గ్రేస్ చెప్పింది: అమ్మకి ఒంటరిగా కుదరడం లేదు, వచ్చే జులైలో ఇల్లు అమ్మకానికి పెట్టి నాతో కాలిఫోర్నియా తీసుకెళ్ళిపోతాను. ఆ రోజు సాయంత్రం శశికళక్క మెసేజ్ పెట్టకుండా ఫోన్ చేసింది. అప్పుడే అనుకున్నాను ఏదో అయిందని.

మొత్తం చెప్పింది. మే బీతో సహా. "ఆవిడ వెళ్ళిపోయేలోగా చెప్పాలి సుధా. చెప్పకపోతే ఆ చప్పుడు నాతో ఉండిపోతుంది."

"గ్రేస్‌కి చెప్తే తను చెప్తుంది కదక్కా."

"కూతురి నోటితో చెప్పిస్తానా? ఆ పిల్ల చేతుల్తోనే ఆ పందిరి పీకింది. మళ్ళీ ఇంకొకళ్ళని లాగడం కాదా అది?"

నా మణికట్టుకున్న సంచి గురించి ఆవిడ ఒక్క ముక్క అనలేదు. నేనూ అనలేదు.

మొదట ఫోన్ చేత చెప్పించబోయింది. ఇంగ్లీష్‌లో టైప్ చేస్తే అది చైనీస్‌లో చదివింది. రైల్వే స్టేషన్‌లో బండి ఆలస్యమని చెప్పే గొంతు. పోపో మర్యాదగా ఫోన్ వంక చూసి, "నో ప్రాబ్లమ్" అని లోపలికెళ్ళిపోయింది. యంత్రంతో కుదరదని, అక్క ఒక యాప్ పెట్టుకుని మూడు నెలలు కష్టపడి నాలుగు వాక్యాలు బట్టీ పట్టింది. ఫిబ్రవరిలో, పోస్ట్ బాక్స్ దగ్గర, చేతులు కట్టుకుని, పద్యం అప్పజెప్పినట్టు చెప్పేసింది. పోపో చివరిదాకా విని, ఆవిడ చెయ్యి తట్టింది. పక్కనున్న గ్రేస్ నవ్వు ఆపుకుంటూ, "శశీ, అది మాండరిన్. ఎంత బాగా చెప్పావో. కానీ అమ్మకి మాండరిన్ రాదు. మాది కాంటనీస్" అంది. మాండరిన్ గ్రేస్‌కీ రాదట. లేకపోతే ఆ రోజే అంతా బయటపడేది.

కూతురు ఇషిత సియాటిల్ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, యూ ఆర్ సో ఎక్స్‌ట్రా. జస్ట్ ఒక కార్డ్ ఇచ్చెయ్" అంది.

"ఆవిడకి చదవడం రాదు నాన్నా."

"దెన్ ఫ్లవర్స్ ఇవ్వు."

"పూలు ఏం చెప్తాయి?"

ఇషిత, నాన్నకి ఫోన్ ఇవ్వు అంది.

మా లైబ్రరీలో శనివారాలు కాంటనీస్ క్లాస్ ఉందని నేనే కనిపెట్టాను. తోడుగా నేనూ చేరాను. ఎందుకు చేరానో మీకు తెలుసు. చెప్పేది మిసెస్ లామ్, రిటైరైన స్కూల్ టీచర్. పొడుగ్గా, కళ్ళద్దాల తాడుతో ఉంటుంది. అత్తగారితో మాట్లాడాలని వచ్చిన కోడళ్ళిద్దరు, నూడుల్స్ పిచ్చి ఉన్న రిటైర్డ్ పైలట్ ఒకాయన, మేమిద్దరం. మొదటి రోజు ఆవిడ ఒక్కొక్కళ్ళనీ అడిగింది, మీకు అన్నిటికంటే ముందు ఏం చెప్పడం రావాలి అని. కోడళ్ళు, అన్నం తిన్నారా అన్నారు. పైలట్, కారం ఎక్కువ వెయ్యండి అన్నాడు. శశికళక్క లేచి నిలబడి, "మన వల్ల ఇంకొకరు కష్టంలో పడితే ఏమంటారు?" అని అడిగింది. నేను బల్ల మీద గీతలు చూస్తూ కూర్చున్నాను.

మిసెస్ లామ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "మా దగ్గర దానికి చాలా మాటలున్నాయి. మీకు ఏ రకం కావాలి?"

వారానికొకటి చెప్పింది. అక్క వాటిని రూళ్ళ పుస్తకంలో తెలుగు అక్షరాలతో రాసుకుంది. నేను అనే మాట వాళ్ళ భాషలో ఙో. క్లాస్‌లో అందరూ ఆ మాట దగ్గర గుటకలు మింగుతుంటే, మేమిద్దరం చక్కగా అనేశాం. చిన్నప్పుడు పలక మీద దిద్దించి, తర్వాత జన్మలో మళ్ళీ వాడని ఙ అక్షరం యాభై ఏళ్ళకి పనికొచ్చింది. అక్క నవ్వడం ఆ నెలలో అదొక్కసారే చూశాను.

లిన్‌లొయ్: మన తప్పు వెళ్ళి ఇంకొకరికి చుట్టుకోవడం. తో లోక్ సొయ్: తను మునుగుతూ పక్కవాణ్ణి నీళ్ళలోకి లాగడం. లామ్ చావ్: కౌగిలించుకుని ఇద్దరూ ఒకే మూకుడులో వేగిపోవడం. లొయ్ గాయ్‌ఫోంగ్: ఇరుగుపొరుగుని ఇబ్బంది పెట్టడం. ఇది కాస్త చిన్న తప్పు, నవ్వుతూ కూడా అంటారట. మే వాక్ మాత్రం తిరగేసిన మాట: ఇంకొకరి మసి మూకుడు మన వీపున మోయడం, అంటే చెయ్యని నేరం నెత్తిన వేసుకోవడం.

ఇంటికి డ్రైవ్ చేస్తుంటే అక్క ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అడిగేది. "నాది ఏది సుధా?"

"గాయ్‌ఫోంగ్ చాలదా అక్కా? నవ్వుతూ కూడా అంటారంది కదా."

"నవ్వుతూ అనేది కాదు నాది."

"నీళ్ళలోకి లాగడం కూడా కాదు. మీరేం మునగలేదు."

"అవును. నేను ఒడ్డునే ఉన్నాను." పుస్తకం మూసి, "ఒడ్డున నిలబడి, ఆవిడే దూకిందేమో అన్నాను" అంది.

దానికి మాట ఉందేమో మిసెస్ లామ్‌ని అడుగుదామనుకున్నాం. అడగలేదు. చివరికి లిన్‌లొయ్ దగ్గర ఆగింది. జూన్ అంతా గోడ ఇవతల నిలబడి, గోడ అవతలి చప్పుడుతో పాటు, ఆ వాక్యం ప్రాక్టీస్ చేసింది.

జులై ఆఖరి ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాం. గ్రేస్ ట్రక్ తేవడానికి వెళ్ళింది. ఇంట్లో పోపో ఒక్కతే. అట్టపెట్టెల మధ్య కుర్చీలో, పక్కన వాకర్. దాని కాళ్ళకి టెన్నిస్ బంతులు తొడిగి ఉన్నాయి. తొడిగి ఎన్నాళ్ళయిందో, రంగంతా పోయి బూడిద రంగులో ఉన్నాయి. అంత మెత్తటి బంతులకి టక్‌మనే చప్పుడు ఎలా వస్తుందా అనుకున్నాను. అక్క కూడా వాటి వంకే చూస్తోంది. 

పోపో టీ ఇవ్వబోయింది. శశికళక్క హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తన కప్పు తను తీసింది. ఆ పెద్దావిడ ఆ కప్పు అటూ ఇటూ తిప్పి చూసి, అందులోనే పోసింది.

నేను ఫోన్ పైకెత్తి, రికార్డ్ చెయ్యొచ్చా అని సైగ చేశాను. ఆవిడ ఫొటో అనుకుని, జుట్టు సర్దుకుని, స్వెట్టర్ పై గుండీ పెట్టుకుంది. నేను ఆపలేకపోయాను.

అక్క కుర్చీలోంచి లేచింది. "ఙో లిన్‌లొయ్ జో నే" అంది. నేను మిమ్మల్ని నా తప్పులోకి లాగాను. తర్వాత వేలితో కిటికీలోంచి మలుపు చూపించి, "తుంగ్ క్వా. ఙో" అంది. గుమ్మడికాయ. నేను.

పోపో మలుపు వైపు చూసింది. చేతిలో కప్పు కింద పెట్టింది. తర్వాత మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు. నాలుగైదు నిమిషాలు చెప్పింది. మాకు మధ్యలో తుంగ్ క్వా అనే మాట వినపడింది, గాయ్‌ఫోంగ్ అనేది వినపడింది, మిగతాదంతా నీళ్ళలా వెళ్ళిపోయింది. చివర్లో న్యూస్‌పేపర్ పొట్లం ఒకటి తీసి అక్క చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. "టూ కోల్డ్" అంది, అక్క చెయ్యి పట్టుకుని. నిజంగానే ఆ చెయ్యి చల్లగా ఉంది.

పొట్లంలో గింజలున్నాయి.

మరుసటి శనివారం క్లాస్ అయిపోయాక మిసెస్ లామ్‌ని ఆపాం. లైబ్రరీ గదిలో ముగ్గురం. బయట పిల్లల కథల గంట జరుగుతోంది. ఫోన్ బల్ల మీద పెట్టి నొక్కాను. అప్పటికి పోపో దేశం అవతలి చివర ఉంది. ఆవిడ గొంతు మాత్రం ఆ గదిలోకి వచ్చి కూర్చుంది. మిసెస్ లామ్ ఒకసారి అంతా విని, మళ్ళీ మొదటి నుంచి పెట్టమంది. అప్పుడు ఆపి ఆపి చెప్పింది.

"నాకు తెలుసు అంటోంది. ఆ పొద్దున కిటికీలోంచి చూశానంటోంది. మీ ఆయన కాయ కొట్టి, తిరిగి చూడకుండా వచ్చాడు. తిరిగి చూడలేదంటే అది ఏమిటో అర్థమైంది. మా పాత వీధిలో కషాయం కాచిన పిప్పి దారిలో పోసేవాళ్ళం. తొక్కినవాళ్ళతో జబ్బు వెళ్ళిపోతుందని. నేనూ పోశాను. ఇక్కడే, ఈ మలుపులో. మా ఆయనకి ఊపిరితిత్తులు పాడైన చలికాలంలో."

మిసెస్ లామ్ మా వంక చూసింది. అక్క తల ఊపింది, కానివ్వండి అన్నట్టు.

"ఆ పిప్పి తొక్కింది పక్కింటాయన. కుక్కని తిప్పడానికి రోజూ అటే వెళ్ళేవాడు. మంచివాడు, నాకు మంచు ఎత్తిపెట్టేవాడు. ఆ వసంతానికి మా ఆయన లేచి కూర్చున్నాడు. పక్కింటాయన దగ్గుతూ పోయాడు. ఆ ఇల్లు తర్వాత చాలాకాలం ఖాళీగా ఉంది. గోడ అవతల దగ్గు నాకు వినపడుతూ ఉండేది. తర్వాత మీరొచ్చారు."

బయట పిల్లలు దేనికో అందరూ కలిసి నవ్వారు.

"మీ కాయ చూడగానే, ఇది ఎవరూ తొక్కకూడదు అనుకున్నాను. బస్ వచ్చే వేళ. చీపురు తీసుకుని వెళ్ళాను. సగం ఊడ్చాను. జారినప్పుడు, ఇది ఈ అమ్మాయిది కాదు, నాదే నా దగ్గరికి తిరిగొచ్చింది అనుకున్నాను. ఉత్తరం వచ్చినప్పుడు మా అమ్మాయితో కాయ నాదే అని చెప్పాను. ఆ మొలక తెచ్చి పెట్టుకున్నాను. కాయలు మీకే ఇచ్చాను. తిన్నారా?"

ఆ ప్రశ్నతో రికార్డింగ్ అయిపోయింది.

 శశికళక్క రూళ్ళ పుస్తకం తెరిచి అడిగింది. "తన గురించి చెప్పుకుంటూ ఏ మాట వాడింది? పక్కింటాయన దగ్గర."

"లొయ్ గాయ్‌ఫోంగ్" అంది మిసెస్ లామ్. "కానీ నవ్వుతూ అనలేదు."

కార్‌లో కూర్చున్నాక నేను సంచి సంగతి చెప్పేశాను. ఆ పొద్దున అది ఎత్తాల్సింది నేను కదక్కా అన్నాను. ఆవిడ సీట్‌బెల్ట్ పెట్టుకుంటూ, "తెలుసు" అంది. "మరి ఇన్నేళ్ళూ ఎవరితోనూ అనలేదేం?" అంటే, "అంటే ఏమవుతుంది, నీకూ గోడ వినపడేది" అంది. 

ఆ సోమవారం అక్క టెడ్ ఇంటికి వెళ్ళి, ఆ కాయ నాది అని చెప్పింది. టెడ్‌కి కాయ గుర్తులేదు. అతనికి ఈమధ్య చాలా గుర్తుండటం లేదని వాళ్ళావిడ చెప్పింది. అయినా కూర్చోబెట్టి కుకీలు పెట్టారు. ఒప్పుకోవడానికి వెళ్ళి కుకీ తిని వచ్చానని అక్క మూడు రోజులు బాధపడింది.

ఈ ఏప్రిల్‌లో ఆవిడ తన ఇంటి ముందు, మెట్ల పక్కన, వెదురు కర్రలతో పందిరి వేసింది. బావగారు, "శశీ, ఉత్తరం వస్తుంది" అన్నారు. రావాలనే కదా అంది. పోపో ఇచ్చిన గింజల్లో పదకొండు మొలిచాయి. జూన్‌లో ఉత్తరం వచ్చింది, మొదటి హెచ్చరిక, శశికళ పేరు మీద. దాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించింది. పక్కన స్టికీ నోట్ మీద తెలుగులో రాసుకుంది: మే వాక్, మసి మూకుడు. ఇషిత వీడియో కాల్‌లో అది చూసి, "అమ్మా, ఆర్ యూ ఓకే?" అంది.

"ఓకేనే. కాయ వస్తే నీకు వడియాలు పంపిస్తాను."

"నువ్వు పెట్టవు కదా వడియాలు."

"ఈసారి పెడతాను."

పక్కింట్లోకి ఇంకా ఎవరూ రాలేదు. అమ్మకానికి పెట్టిన బోర్డ్ అలాగే ఉంది. మొన్న అక్క వంటింట్లో టీ తాగుతూ గోడ వంక చూశాను. ఆ గోడకి ఎవరూ కుర్చీ ఆనించరు, నేనూ ఆనించలేదు.

"ఇంకా వినపడుతోందా అక్కా?"

కాసేపు చెవి పెట్టి వింది.

"ఆ. వాకర్ మాత్రం కాదు. ఊడుస్తున్న చప్పుడు." కప్పు కడిగి బోర్లించింది, నాది కూడా. "ఏడవుతోంది. బస్ వస్తుంది, పద" అని తలుపు వెనకున్న చీపురు తీసింది.

మలుపులో ఏమీ లేదు. ఎండుటాకులు నాలుగు. అయినా ఊడ్చాం. నేను నల్లసంచి పట్టుకున్నాను.